రోహిణి కార్తెలో కార్ షో: ఆపలేదు, కానీ ఒక తప్పు చేశాం

 

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మే నెల ఆఖరి ఆదివారం. ఊరు బెజవాడ. రోహిణి కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు. అలాంటి రోజున ఎవడైనా పాత కార్లన్నీ ఒకచోట నిలబెట్టి, రండి బాబూ చూడండి, చూసి రక్తం కూడా ఇచ్చి వెళ్లండి అన్నాడనుకోండి. వాడిని మీరేమంటారు?

మా అమ్మ ఒక మాట అంది. అది ఇక్కడ చెప్పలేను. ఎందుకంటే వాడు నేనే.

కామెంట్స్‌లో చాలామంది అడిగారు, "అన్నా, ఆ కార్ షో వీడియో ఎందుకు పెట్టలేదు" అని. ఫుటేజ్ ఉంది. మూడు గంటల ఫుటేజ్ ఉంది. కానీ అంబాసిడర్ల షాట్లకి మ్యూజిక్ వేసి, స్లో మోషన్ పెట్టి, "సక్సెస్" అని థంబ్‌నెయిల్ వేయడానికి మనసు రాలేదు. ఆ రోజు ఒక మంచి పని జరిగింది. అదే రోజు నా వల్ల ఒక కుర్రాడు హాస్పిటల్‌లో చేరాడు. రెండూ చెప్తా. వరసగా చెప్తా.

అసలు ఎలా మొదలైంది?

మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్‌లో ఒక అక్క ఉంటుంది. వాళ్లబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడికి తలసేమియా మేజర్. అంటే ఏంటో సింపుల్‌గా చెప్తా. మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ మోసేది. దాన్ని సరిగ్గా తయారుచేసే జీన్ అమ్మ వైపు నుంచి, నాన్న వైపు నుంచి రెండూ లోపంతోనే వస్తే, ఒంట్లో పనికొచ్చే రక్తం సరిపడా తయారవదు. బయట నుంచి ఎక్కించాల్సిందే. ఒకసారి కాదు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. జీవితాంతం.

వాడికి కార్లంటే పిచ్చి. రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లే ప్రతిసారీ చేతిలో ఒక బొమ్మ కారు ఉంటుంది. ఒకరోజు లిఫ్ట్‌లో కనిపిస్తే "ఎక్కడికి రా?" అన్నా. "ఫుల్ ట్యాంక్ కొట్టించుకోవడానికి అన్నా" అన్నాడు. నేను నవ్వా. వాళ్లమ్మ నవ్వలేదు. "ఈసారి బంకులో పెట్రోల్ లేదంట బాబూ, రేపు రమ్మన్నారు" అంది మెల్లగా.

అప్పటిదాకా నాకు తెలియని విషయం ఏంటంటే, రక్తం కొరత ఎండాకాలంలోనే ఎక్కువ. మన దగ్గర రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో జరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, తర్వాత సెలవులు. కుర్రాళ్లందరూ ఊళ్లకి పోతారు. మిగిలినవాళ్లు ఎండకి బయటకి రారు. ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. ఎక్కించుకోవాల్సిన పిల్లలు తగ్గరు కదా. వాళ్లకి సమ్మర్ హాలిడేస్ లేవు.

అందుకే మేలో పెట్టాలనుకున్నా. "డిసెంబర్‌లో పెట్టొచ్చు కదరా, హాయిగా చలిగా ఉంటుంది" అని అందరూ అడిగారు. డిసెంబర్‌లో ఇచ్చిన రక్తం మేకి పనికిరాదు. ఎర్ర రక్తకణాల్ని ఫ్రిజ్‌లో పెట్టినా 35 రోజులు, కొన్ని రకాల సంచుల్లో అయితే 42 రోజులు. అంతే. తర్వాత పారేయాల్సిందే. ఈ 42 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మరి కార్లు ఎందుకు? నిజం మాట్లాడుకుందాం. "రక్తదాన శిబిరం" అని పోస్టర్ వేస్తే మన వయసోళ్లు స్క్రోల్ చేసేస్తారు. "కాంటెస్సా వస్తోంది, 1980ల నాటి మారుతి 800 వస్తోంది" అంటే ఆగి చూస్తారు. బెజవాడ ఆటోనగర్ ఉన్న ఊరు. ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో ఒక మెకానికో, లారీ ఓనరో, బాడీ బిల్డరో ఉంటాడు. జిమ్ బాడీ కాదు, లారీ బాడీ! పాత బండిని బిడ్డలా చూసుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. వాళ్లని కదిపితే చాలు.

కదిపాను. 46 కార్లు రిజిస్టర్ అయ్యాయి. నేను పాత సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఎక్సెల్ షీట్ వేశా. కార్లు 46, టైమింగ్ ఉదయం 10 నుంచి సాయంత్రం 5, ఓపెన్ గ్రౌండ్, టార్గెట్ 100 యూనిట్ల రక్తం. ఎంట్రీకి 100 రూపాయలు, ఆ డబ్బు తలసేమియా పిల్లల మందులకి. అన్ని సెల్స్‌కీ గ్రీన్ కలర్ వేశా. చూస్తే కడుపు నిండిపోయింది.

ఆ షీట్‌లో ఒక కాలమ్ లేదు. టెంపరేచర్.

ఆదివారం షో అనగా గురువారం సాయంత్రం ఫోన్‌కి అలర్ట్ వచ్చింది. మన రాష్ట్రంలో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాల్పుల హెచ్చరికలు ఇస్తుంది, మీరూ చూసే ఉంటారు. మాములుగా మనం దాన్ని స్వైప్ చేసి పక్కన పడేస్తాం. ఆ రోజు చదివా. శని, ఆదివారాలు మా మండలానికి తీవ్ర వడగాల్పులు.

వడగాల్పులు, తీవ్ర వడగాల్పులు అంటే ఊరికే వేసే విశేషణాలు కాదు. వాతావరణ శాఖకి లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలుగా ఆ రోజుకి ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాల్పు. 6.4 కన్నా ఎక్కువ పెరిగితే తీవ్రం. లేదా నేరుగా 45 తాకితే వడగాల్పు, 47 తాకితే తీవ్రం.

2015 మే గుర్తుందా? మనలో చాలామంది అప్పటికి స్కూల్లోనో, ఇంటర్‌లోనో ఉన్నాం. ఆ ఎండల్లో దేశం మొత్తం మీద 2000 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఎక్కడోళ్లనుకుంటున్నారు? ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. తుఫాను వస్తే ఇళ్లు కూలతాయి, కెమెరాలు వస్తాయి. ఎండ వస్తే ఏమీ కూలదు. మనుషులు ఒక్కొక్కరూ పడిపోతారు, ఎవరి ఇంట్లో వాళ్లు.

మన కోస్తా వైపు ఇంకో చిక్కుంది. ఉక్క. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, పట్టిన చెమట ఆరినందుకు. చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంటిలో వేడి తీసుకుని పోతుంది. గాల్లో ముందే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. అంటే ఒంట్లో నీళ్లు పోతాయి, ఉప్పు పోతుంది, వేడి మాత్రం పోదు. ఏసీ పనిచేయడం లేదు కానీ కరెంట్ బిల్లు వస్తోంది. అదీ పరిస్థితి.

శుక్రవారం పొద్దున ఆటోనగర్‌లో మీటింగ్ పెట్టాం. మీటింగ్ అంటే ఏం లేదు, ఒక షెడ్డు, నాలుగు టీ గ్లాసులు. మాకు కార్లన్నీ సెట్ చేసి పెట్టిన మెకానిక్ బాబాయ్ ఉన్నారు, నలభై ఏళ్ల సర్వీసు. ఆయన నా ఎక్సెల్ షీట్ చూసి అడిగారు: "ఏరా అబ్బాయ్, మిట్ట మధ్యాహ్నం నిలబెడతావా వీటిని? బండికైతే రేడియేటర్ ఉంది. మనిషికేముందిరా?"

నేను వాదించా. పర్మిషన్లు వచ్చేశాయి బాబాయ్, స్పాన్సర్ డబ్బులు సగం ఇచ్చేశాడు, బ్యానర్లు కట్టేశాం, పిల్లలకి రక్తం కావాలి. ఈ చివరి మాట గట్టిగా అన్నా. ఇది అనగానే ఎదుటివాడు నోరు మూసుకుంటాడని నాకు తెలుసు. దాన్ని ఒక కార్డులా వాడా. ఒప్పుకుంటున్నా.

బ్లడ్ బ్యాంక్ డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆమె ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఎండలో నిలబడి వచ్చినవాళ్ల దగ్గర నేను రక్తం తీసుకోను. ఒంట్లో నీళ్లు తగ్గినవాడి నుంచి 350 ఎంఎల్ తీస్తే వాడు నా బెడ్ మీద కాదు, మీ పార్కింగ్‌లో బండి తీస్తూ పడిపోతాడు."

ఇక మిగిలింది కింద ఫ్లోర్ అక్క. ఆమె నా వైపు ఉంటుందనుకున్నా. ఎందుకంటే వాళ్లబ్బాయికి వచ్చే బుధవారం రక్తం ఎక్కించాలి. ఆమె అంది: "బాబూ, మావాడి కోసం ఎవరింట్లోనైనా అమ్మ ఏడిస్తే, ఆ రక్తం వాడికి ఎలా ఎక్కించమంటావు?"

దీనికి నా దగ్గర కార్డు లేదు.

సరే, ఆపేద్దాం అన్నా. అప్పుడు మళ్లీ బాబాయే అన్నారు: "ఆపమని ఎవడన్నాడు? మార్చమన్నా."

సాఫ్ట్‌వేర్‌లో మనం ఒక పని చేస్తాం. రిలీజ్ డేట్ కదలదు, టైమ్ లేదు అనుకోండి, స్కోప్ తగ్గిస్తాం. ఏది లేకపోతే అసలు ప్రోడక్టే కాదో అది ఉంచి, మిగతాది కోసేస్తాం. కూర్చుని అదే చేశాం. మాకు కావాల్సింది ఏంటి? రక్తం, కొంచెం డబ్బు. మధ్యాహ్నం కావాలా? అక్కర్లేదు. గ్రౌండ్ కావాలా? అక్కర్లేదు. స్టేజీ, డీజే, స్పాన్సర్ గారి ప్రసంగం కావాలా? అస్సలు అక్కర్లేదు.

టైమింగ్ మార్చాం. ఉదయం 5:30 నుంచి 8:30. మే ఆఖర్లో బెజవాడలో సూర్యోదయం దాదాపు 5:35కి. అంటే సూర్యుడితో పాటు మొదలుపెట్టి, ఆయన మూడ్ మారకముందే ముగించేయాలి.

ప్లేస్ మార్చాం. గ్రౌండ్ వదిలేసి ఒక కళ్యాణ మండపం అడిగాం. ఆ రోజు ముహూర్తం లేదు, ఖాళీగా ఉంది, ఓనర్ గారు కరెంట్ ఖర్చు ఇస్తే చాలన్నారు. రక్తదానం లోపల ఏసీ హాల్లో. కార్లు బయట, ప్రహరీ పొడవునా వేప చెట్ల కింద. షామియానా వేసేవాడితో బాబాయ్ గొడవపడి మరీ ఎత్తుగా కట్టించారు. కిందకి కడితే గుడ్డ కాలి, వేడి కింద మనిషి నెత్తి మీదే కూర్చుంటుంది.

రూల్స్ పెట్టాం. ఒకటి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టకూడదు. రెండోది, ఫొటో కోసం కూడా పిల్లల్ని కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తకూడదు. మీకు తెలుసా, ఎండలో ఆపిన కారు లోపల గంటలో బయటకన్నా దాదాపు 20 డిగ్రీలు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని పిల్లాడిని కారులో వదిలి షాపులోకి వెళ్లేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఆ పని చేయకండి.

మూడోది, ప్రతి పది కార్లకీ ఒక చలివేంద్రం. కుండ నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్.

ఓఆర్ఎస్ గురించి ఒక్క నిమిషం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్ సరిహద్దులో బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ గారు ఉప్పు, గ్లూకోజ్ నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. వేలమంది ప్రాణాలు దక్కాయి. కిటుకు ఏంటంటే, గ్లూకోజ్ తోడు ఉంటే పేగులు ఉప్పుని, నీటిని తొందరగా లాక్కుంటాయి. అందుకే కొలత ముఖ్యం. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటర్ నీళ్లలో కలపాలి. సగం గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగితే అది మందు కాదు. ఇంకోటి, పేరు మీద ఓఆర్ఎస్ అని రాసి లోపల చక్కెర నీళ్లు అమ్మే టెట్రా ప్యాకులు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. మెడికల్ షాపులో కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

నాలుగోది, రక్తం ఇచ్చేవాళ్లందరికీ ముందు రోజు రాత్రే మెసేజ్. త్వరగా పడుకోండి, పొద్దున ఇడ్లీయో ఏదో తినండి, నీళ్లు తాగి రండి. ఖాళీ కడుపుతో వస్తే వెనక్కి పంపేస్తాం.

చూశారా, అన్నీ మార్చాం. ఒక్కటి మార్చలేదు.

టీ షర్టులు.

వాలంటీర్ల కోసం 60 టీ షర్టులు ముందే ప్రింట్ చేయించా. నల్లవి. పాలిస్టర్. ఎందుకు నలుపు? వీడియోలో బాగుంటుందని. కార్ల పక్కన నల్ల టీ షర్టు, మీద ఎర్ర లోగో, కెమెరాలో అదిరిపోతుంది. బాబాయ్ చూసి "తెల్ల కాటన్ బనీన్లు ఇవ్వరా పిల్లలకి" అన్నారు. "మూడు గంటలే కదా బాబాయ్, డబ్బులు పెట్టేశాం" అన్నా. ఎక్సెల్‌లో ఆ సెల్ అప్పటికే గ్రీన్. గ్రీన్ అయిపోయినదాన్ని మళ్లీ ముట్టుకోవాలనిపించదు.

ఆదివారం వచ్చింది.

ఐదున్నరకే నా చొక్కా తడిసిపోయింది. కానీ ఆ దృశ్యం మాత్రం... నిజంగా చెప్తున్నా, వేప చెట్ల కింద తెల్లవారుజామున వరసగా పాత కార్లు. 46లో 31 వచ్చాయి. బంగారు రంగు కాంటెస్సా. ప్రీమియర్ పద్మిని. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కి మన మిడిల్ క్లాస్‌ని మార్చేసిన మారుతి 800, ఐదు. ఇక అంబాసిడర్లు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ తీసుకుని ఉత్తరపారాలో 2014 దాకా తయారుచేశారు. ఒక పెద్దాయన తన అంబాసిడర్ దగ్గర నిలబడి "మా పెళ్లికి ఇదే, మా అమ్మాయి పెళ్లికి ఇదే" అని వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నారు.

కింద ఫ్లోర్ బుడ్డోడు మాస్క్ పెట్టుకుని, బొమ్మ కారు పట్టుకుని వచ్చాడు. ఒక్కో కారు దగ్గరా ఆగి తన చేతిలో బొమ్మని పక్కన పెట్టి కొలిచి చూసుకున్నాడు. అరగంట తర్వాత వాళ్లమ్మ ఇంటికి తీసుకెళ్లిపోయింది.

లోపల రక్తదానం బాగా సాగుతోంది. డాక్టర్ గారు చాలా స్ట్రిక్ట్. రాత్రంతా సినిమా చూసి నిద్రపోకుండా వచ్చినోడిని వెనక్కి పంపారు. హిమోగ్లోబిన్ 12.5 లేదని కొంతమందిని పంపారు. ఇచ్చినవాళ్లని పావుగంట కూర్చోబెట్టి మజ్జిగ తాగితే గానీ కదలనివ్వలేదు. హాల్లో ఒక్కరికి కూడా కళ్లు తిరగలేదు.

సమయం 8:10. స్పాన్సర్ తరఫు మనిషి వచ్చారు. "మా సార్ 9:30కి వస్తారు, జనం ఉండాలి, కార్లు ఉంచండి" అన్నారు. నేను "చూద్దాం సార్" అన్నా. కాదని చెప్పాల్సిన చోట చూద్దాం అన్నా.

ఆ టైమ్‌లోనే ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చారు. "అన్నా, వీడు తేడాగా మాట్లాడుతున్నాడు."

వాడు నా బీటెక్ జూనియర్. రాత్రి మూడింటి నుంచి అక్కడే ఉన్నాడు. గేట్ దగ్గర పార్కింగ్ వాడి డ్యూటీ. కార్లన్నీ నీడలో పెట్టాం, నీడకి కార్లని పంపించేవాడిని మాత్రం ఎండలో పెట్టాం. నల్ల పాలిస్టర్ టీ షర్టులో. అందరికీ తినమని మెసేజ్ పెట్టింది వాడే, వాడు మాత్రం ఏమీ తినలేదు. నేను వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "అన్నా, రికార్డ్ షీట్ సబ్మిట్ చేశావా?" అని అడిగాడు. కాలేజీ అయిపోయి నాలుగేళ్లయింది.

ఇది చాలా ముఖ్యం, జాగ్రత్తగా వినండి. ఎండకి నీరసం, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, విపరీతమైన చెమట, ఇవి మొదటి హెచ్చరిక. నీడకి తీసుకెళ్లి, పడుకోబెట్టి, నీళ్లు, ఓఆర్ఎస్ ఇస్తే చాలావరకు కోలుకుంటారు. కానీ మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, తూలుతున్నాడు, స్పృహ తప్పుతున్నాడు అంటే అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీద పడిందని అర్థం. అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. ముందు చల్లబరచాలి. అంబులెన్స్ వచ్చాక చూసుకుంటారులే అని ఆగకూడదు. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు అస్సలు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డాక్టర్ గారు లోపల ఉండటం మా అదృష్టం. టీ షర్టు కత్తెరతో కోసేశారు. చలివేంద్రం కుండలు మొత్తం వాడి మీద గుమ్మరించాం. పెడస్టల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాం. సోడా బండి నుంచి ఐసు తెచ్చి గుడ్డలో చుట్టి మెడకి, చంకల్లో పెట్టారు. 108 వచ్చేలోపు వాడు నన్ను గుర్తుపట్టాడు.

నేను 8:20కి మైక్ తీసుకుని షో అయిపోయింది, అందరూ ఇళ్లకి వెళ్లండి అని చెప్పేశా. స్పాన్సర్ మనిషి ఏదో అంటున్నారు, వినిపించుకోలేదు. తర్వాత మిగతా సగం డబ్బులు రాలేదు. సరే.

కార్లు వెళ్లేటప్పుడు ఇంకో తమాషా. ఆ పెళ్లిళ్ల అంబాసిడర్ గేటు దాటి వంద మీటర్లు పోయి ఆగిపోయింది. మెకానిక్ బాబాయ్ బానెట్ ఎత్తి, తడిగుడ్డ తీసుకుని పెట్రోల్ పంపు మీద వేశారు. ఐదు నిమిషాల్లో స్టార్ట్. పాత కార్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే తగిలించి ఉంటుంది. ఇంజిన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు, ఆవిరిని లాగలేదు. కొత్త కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ప్రెషర్‌తో తోస్తుంది కాబట్టి ఈ సమస్య రాదు. బాబాయ్ ఆ గుడ్డ వేస్తూ నా వైపు చూడకుండానే అన్నారు: "చూశావా, బండికైనా మనిషికైనా మందు ఇదే. తడిగుడ్డ, నీడ, కాస్త ఆగడం."

మా జూనియర్ మర్నాడు సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాడు. కిడ్నీ టెస్టులు చేసి బాగానే ఉందన్నారు. ఇప్పుడు బాగున్నాడు, ఈ వీడియో కెమెరా వెనక ఉన్నది వాడే. వాళ్ల నాన్నగారికి నేనే ఫోన్ చేసి చెప్పా. ఆయన తిట్టలేదు. "మీరు ఉన్నారు కదా అని పంపాం బాబూ" అన్నారు. తిడితే బాగుండేది.

ఇక లెక్కలు. టార్గెట్ 100 యూనిట్లు, వచ్చింది 43. నా ఎక్సెల్ ప్రకారం ఫెయిల్. ఆ బాధతో డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే ఆవిడ నవ్వారు. "ఒకేరోజు వంద సంచులు తెచ్చిపెట్టి ఏం చేస్తావు? 42 రోజులు దాటితే వృథా. ఆ పిల్లలకి కావాల్సింది నీ ఒక్క పెద్ద ఆదివారం కాదు. ప్రతి మూడు వారాలకీ ఒక మామూలు ఆదివారం."

నేను అక్కడ ఆగిపోయా. చూడండి, మొత్తం ప్లాన్‌లో అసలు బగ్ ఎండ కాదు. ఒకేరోజు, ఒకే గ్రౌండ్, పెద్ద ఈవెంట్, పెద్ద నంబర్, పెద్ద వీడియో అనుకోవడమే బగ్. పిల్లలకి అవసరం విడతలవారీగా వస్తుంది, మనం సాయం మాత్రం ఒక్కసారిగా కుమ్మరిద్దామనుకుంటాం. అలా ఒక్క రోజు మీద అంతా పెట్టేస్తే, ఆ రోజు 47 డిగ్రీలు వచ్చినా ఆపలేం. ఆ రోజుని కాపాడటానికి మనుషుల్ని ఎండలో పెడతాం.

అందుకే ఇప్పుడు ఆ కార్ల ఓనర్లు, వాలంటీర్లు కలిసి లిస్టు వేసుకున్నాం. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. అందర్నీ గ్రూపులుగా విడదీసి, ప్రతి మూడు వారాలకీ కొంతమంది చొప్పున పొద్దున్నే బ్లడ్ బ్యాంక్‌కి వెళ్తారు. పాత కార్లలోనే వెళ్తారు. ఫ్లెక్సీ లేదు, డీజే లేదు. బుడ్డోడు బాల్కనీలోంచి ఏ కారు వెళ్తోందో చూసి పేరు చెప్తాడు.

వెళ్లేముందు మూడు విషయాలు.

ఒకటి. మీకు 18 నిండి, బరువు 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే దగ్గరలో లైసెన్స్ ఉన్న బ్లడ్ బ్యాంక్ ఎక్కడుందో కనుక్కోండి. ఏప్రిల్, మేలలో వెళ్లండి. పొద్దున్నే తిని, నీళ్లు తాగి వెళ్లండి.

రెండు. పెళ్లి కాబోయేవాళ్లు హెచ్‌బీఏ2 టెస్ట్ చేయించుకోండి. తలసేమియా క్యారియర్లు చూడటానికి మామూలుగానే, ఆరోగ్యంగానే ఉంటారు, చాలామందికి తెలియనే తెలియదు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. జాతకాలు ఎలాగూ చూపిస్తారు, దాంతోపాటు ఇది కూడా.

మూడు. ఎండాకాలంలో జాతర కావచ్చు, క్రికెట్ టోర్నమెంట్ కావచ్చు, పెళ్లి ఊరేగింపు కావచ్చు, మీరు ఏది నిర్వహిస్తున్నా వచ్చే అతిథుల గురించి ఆలోచిస్తారు. నీళ్లు, నీడ అన్నీ వాళ్లకి పెడతారు. గేటు దగ్గర నిలబడ్డవాడిని మర్చిపోతారు. పార్కింగ్ కుర్రాడు, వంట మాస్టారు, డప్పు కొట్టేవాళ్లు, లైటింగ్ వాళ్లు. గంటకోసారి వాళ్లని మార్చండి. తిన్నావా అని అడగండి. తల ఊపితే నమ్మకండి, ప్లేటు చేతిలో పెట్టండి.

మిగిలిన నల్ల టీ షర్టులు మా ఇంట్లో అట్టపెట్టెలో ఉన్నాయి. బాబాయ్ షెడ్డులో గ్రీజు తుడవడానికి తీసుకుంటానన్నారు. "పాలిస్టర్ కదా, గ్రీజు కూడా సరిగ్గా పీల్చదు" అని మళ్లీ ఆయనే వద్దన్నారు.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈ వీడియో నచ్చితే లైక్ కన్నా ముందు లేచి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఉంటా మరి.